మైనం దిమ్మ చేతికిచ్చే ముందు: బీడీఎస్ మొదటి ఏడాది పిల్లలకి పన్ను నేర్పడం ఎలా

బీడీఎస్, అంటే దంతవైద్య డిగ్రీ, మొదటి ఏడాదిలో మైనం దిమ్మల్ని పళ్ళ ఆకారంలో చెక్కించే ల్యాబ్‌కి కొత్తగా ట్యూటర్‌గా చేరారా? అయితే నెల తిరక్కుండానే ఎవడో ఒకడు మిమ్మల్ని అడుగుతాడు, "మేడమ్, రేపు పేషంట్ నోట్లో మైనం పన్ను పెడతామా, ఎందుకు మాకీ చెక్కుడు?" అని. కోప్పడకండి. వాణ్ణి ఓ పది నిమిషాలు కన్సర్వేటివ్ ఓపీలో, అంటే పళ్ళకి సిమెంట్ పెట్టే చోట, కూర్చోబెట్టండి. నిన్న పన్నుకి సిమెంట్ పెట్టించుకుని ఇవాళ "కొరుకుతుంటే ఎత్తుగా తగుల్తోందండీ, అన్నం తినలేకపోతున్నా" అని తిరిగొచ్చే మనిషి ఒకరు, కొత్తగా సిమెంట్ పెట్టిన చోట రెండు పళ్ళ మధ్య కూర ఇరుక్కుంటోందని వచ్చే మనిషి ఇంకొకరు, ఎప్పుడో ఒకప్పుడు కనబడతారు. పన్ను పైభాగం సరిగ్గా చెక్కకపోతే మొదటి బాధ, పక్కపన్నుని తాకాల్సిన చోట తాకించకపోతే రెండో బాధ. ఆ రెండూ నేర్చుకునేది ఈ మైనం మీదే.

నేను కొన్నేళ్ళుగా ఈ ల్యాబే చూస్తున్నాను. చెక్కడం రాదని ఏడ్చే పిల్లల్లో చాలామందికి చెయ్యి బాగానే ఉంటుంది, పన్నుని చూడటమే ఇంకా వచ్చి ఉండదు. మనమేమో మొదటి రోజే దిమ్మా కత్తీ చేతిలో పెట్టి సెంట్రల్ ఇన్సైజర్ (నట్టనడి ముందుపన్ను) చెక్కమంటాం. నేను చదువుకునేటప్పుడు ఒక సార్ నా దిమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు ముక్కలు చేసి, "మళ్ళీ" అన్నారు, అంతే. తప్పెక్కడో చెప్పలేదు కాబట్టి రెండో దిమ్మ కూడా అదే తప్పుతో అంతకంటే నున్నగా చెక్కాను. అందుకే కింద చెప్పే వరసలో మైనం మూడో వారానికి గానీ రాదు. పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి.

దిక్కులు, నంబర్లు

తెలుగు మీడియంలో పది చదివినవాళ్ళకి కుంతకాలు, రదనికలు, చర్వణకాలు తెలుసు, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి ఇన్సైజర్, కెనైన్, మోలార్ తెలుసు. ఇద్దరికీ కొత్తవి మీసియల్, డిస్టల్. నిర్వచనం బట్టీ పట్టిస్తే పరీక్షకి పనికొస్తుంది కానీ దిమ్మ తిప్పగానే తారుమారైపోతుంది. నేనైతే ఒక వీధి బొమ్మ గీస్తాను. వీధి మధ్యలో రామాలయం, దానికి అటూ ఇటూ ఒకదానికొకటి ఆనుకుని ఇళ్ళ వరస. ప్రతి ఇంటికీ గుడివైపు గోడ మీసియల్, ఊరిచివరి వైపు గోడ డిస్టల్. వీధి గుమ్మం ఉన్న గోడ పెదవి వైపో బుగ్గ వైపో, పెరటి గోడ నాలుక వైపు, పై వరసకైతే అంగిలి వైపు. ఇది ఒకసారి పట్టుబడితే ఇంక మర్చిపోరు. ఒక్కటి మాత్రం పదేపదే చెప్పాలి: పేషంట్ కుడి మనకి ఎడమ.

నంబర్లలో ఎఫ్‌డీఐ పద్ధతి ఒక్కటే ముందు నేర్పండి. పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4, ఆ పైన మధ్య గీత నుంచి 1 నుంచి 8 దాకా లెక్క. కాబట్టి 16ని పదహారు అననివ్వకండి, "ఒకటి ఆరు" అనాలి, అంటే పై కుడి మొదటి దవడపన్ను. పాలపళ్ళకి ఇదే లెక్క 5, 6, 7, 8తో మొదలవుతుంది. అమెరికాలో పళ్ళని 1 నుంచి 32 దాకా ఏకబిగిన లెక్కపెడతారు, మన దగ్గర చదివి అక్కడికెళ్ళే వాళ్ళు ఎలాగూ మళ్ళీ నేర్చుకుంటారు. మొదటి నెలలో రెండూ కలిపి చెబితే ఒక్కటీ మిగలదు.

నిజం పళ్ళ సీసా

ప్లాస్టిక్ మోడల్ పళ్ళు అన్నీ ఒకే అచ్చులోంచి వస్తాయి. వాటిని చూసి నేర్చుకున్న పిల్లవాడు నిజం పన్ను చేతికొచ్చేసరికి "ఇది బొమ్మలోలాగా లేదే" అంటాడు. కాబట్టి పీకిన పళ్ళు సేకరించండి, ఓపీలో పేషంట్‌ని అడిగి, ఒప్పుకున్నాకే తీసుకోండి. క్లిప్పులు వేయడానికి తీయించుకున్న ప్రీమోలార్లు (కోరపన్నుకి వెనకుండే చిన్న దవడపళ్ళు) బోలెడు దొరుకుతాయి, చిగుళ్ళ జబ్బుతో ఊడిన కింది ముందుపళ్ళు దొరుకుతాయి, పుచ్చని మొదటి దవడపన్ను దొరకడం కష్టం, విరగని పై ముందుపన్ను మరీ కష్టం. దొరికినప్పుడు దాచుకోండి.

శుభ్రం చేసే పని పిల్లలకి వదిలేయకండి. గ్లవుజులు వేసుకుని రక్తం, చిగురు ముక్కలు తీసేసి సబ్బునీళ్ళతో కడగాలి, ఎండనివ్వకుండా తడిలోనే ఉంచాలి, ఎండితే పగుళ్ళిస్తాయి. తర్వాత ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) 40 నిమిషాలు. వెండి రంగు అమాల్గమ్ ఫిల్లింగ్ ఉన్న పన్నుని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి బయటికొస్తుంది. అలాంటివాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచండి, లేదా అసలు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు గుర్తుపట్టడం. పన్ను చేతికివ్వగానే పిల్లలు పేరు ఊహించి చెప్పేస్తారు, అది ఆపించాలి. ఐదు ప్రశ్నలు, ఇదే వరసలో: పాలపన్నా శాశ్వత పన్నా, ఏ జాతి పన్ను, పైదా కిందిదా, ఆ జాతిలో ఎన్నోది, కుడిదా ఎడమదా. ప్రతి జవాబుకీ ఒక సాక్ష్యం చూపించాలి. ఉదాహరణకి పై సెంట్రల్ ఇన్సైజర్ అయితే, కొరికే అంచుకి ఒక మూల పదునుగా ఇంచుమించు లంబకోణంలో ఉంటుంది, అది మీసియల్. గుండ్రంగా ఉన్న మూల డిస్టల్. క్రౌనూ (చిగురు బయట కనబడే భాగం) రూటూ (లోపలి వేరు) కలిసే మెడ గీత మీసియల్ వైపు ఎక్కువ వంగుతుంది, డిస్టల్ వైపు తక్కువ. రెండూ ఒకే జవాబు చెబితే సరే, చెప్పకపోతే మళ్ళీ చూడమనండి. పై మొదటి ప్రీమోలార్‌కి మీసియల్ వైపు నొక్కినట్టు ఒక గుంట ఉంటుంది, బొటనవేలితో రుద్దితే తెలిసిపోతుంది. కింది మొదటి ప్రీమోలార్‌కి నాలుక వైపు చిన్న మొటిమలాంటి కస్ప్ (నమిలే వైపు పొడుచుకొచ్చిన కొన), దాని పక్కన మీసియల్ వైపు ఒక గాడి.

ఇది కుదిరాక గుడ్డసంచి ఆట ఆడించండి. సంచిలో ఆరు పళ్ళు వేసి, చూడకుండా చెయ్యి పెట్టి తడిమి, ఏ పన్నో, ఏ వైపుదో చెప్పమనాలి. మొదటిసారి క్లాసంతా నవ్వులే, ఎవరికీ రాదు. నాలుగోసారికి వేళ్ళు మీసియల్ మూల కోసం వాటంతటవే వెతుకుతాయి. రేపు ఎక్స్‌ప్లోరర్ (పన్ను తడిమి చూసే సన్నటి ముల్లు) పట్టుకుని చూపు ఆనని చోట గీకి తెలుసుకోవాల్సింది ఈ వేళ్ళే కాబట్టి, ఈ ఆటకి వారానికో అరగంట ధారాళంగా ఇవ్వండి.

గీయించండి, బాగా గీయించండి

రెండో వారం గ్రాఫ్ కాగితం. పై సెంట్రల్ ఇన్సైజర్‌కి పుస్తకాల్లో ఉండే సగటు కొలతలు ఇవి: క్రౌన్ పొడవు 10.5 మిల్లీమీటర్లు, రూట్ 13, క్రౌన్ వెడల్పు మీసియల్ నుంచి డిస్టల్‌కి 8.5, మెడ దగ్గర అదే వెడల్పు 7, పెదవి వైపు నుంచి నాలుక వైపుకి మందం 7, మెడ దగ్గర 6, గీత వంపు మీసియల్ వైపు 3.5, డిస్టల్ వైపు 2.5. వీటిని రెండింతలు చేసి గీయమనండి. చుక్కల ముగ్గు వేసినట్టే, ముందు చుక్కలు, తర్వాత కలపడం. క్లాసులో ముగ్గులు బాగా వేసేవాళ్ళు ఎవరో అడగండి, వాళ్ళకి ఇది పది నిమిషాల పని, పక్కవాళ్ళకి వాళ్ళే నేర్పేస్తారు.

ఐదు వైపుల నుంచీ గీయాలి: పెదవి వైపు, నాలుక వైపు, మీసియల్, డిస్టల్, కొరికే అంచు పైనుంచి. చివరిది గీయడానికి బద్ధకిస్తారు, కానీ మైనంలో ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. పైనుంచి చూస్తే పెదవి వైపు వెడల్పుగా, నాలుక వైపు సన్నగా ఉంటుంది కదా, అది గీయని పిల్లవాడు పన్ను బదులు అగ్గిపెట్టె చెక్కుతాడు.

వారం చివర పుస్తకం మూసి, పన్ను దాచేసి, గుర్తున్నంతవరకు గీయమనండి. మార్కులు వేయొద్దు. తర్వాత అసలు పన్ను తీసి వాళ్ళ బొమ్మ పక్కన పెట్టి, తేడాలు ఎర్ర పెన్నుతో వాళ్ళనే గుర్తుపెట్టమనండి. ఎవరి కన్ను ఏది దాటేస్తోందో మీకు ఆ ఎర్ర గీతల్లో దొరుకుతుంది. ఆ కాగితాలు పారేయకండి, చెక్కేటప్పుడు అవే తప్పులు మైనంలో కనబడతాయి.

ఫోన్‌లో త్రీడీ పళ్ళు చూపించొచ్చా అంటే, చూపించండి, తిప్పి చూడటానికి బాగుంటాయి. కాకపోతే తెర మీద లోతు తెలిసినట్టే ఉంటుంది గానీ చేతికి తెలియదు. గీయడం మానేసి అదొక్కటే చూస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

చెయ్యి కుదరడానికి సబ్బు

మైనానికి ముందు చవక స్నానం సబ్బు. మూడు పనులు చెప్పండి: మూలలన్నీ లంబకోణంలో ఉండే 20 మిల్లీమీటర్ల ఘనం, దాని ఒక ముఖం మీద 2 మిల్లీమీటర్ల లోతు గల నలుచదరపు గుంట, ఇంకో సబ్బులో నున్నటి అర్ధగోళం. మామూలు స్కేల్‌తో, డివైడర్‌తో వాళ్ళే కొలుచుకోవాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఘనం చెక్కమంటే సగం మందికి ఐదో ముఖం దగ్గర వంకర వస్తుంది.

ఇక్కడే పట్టు నేర్పాలి. కార్వర్‌ని, అంటే చెక్కే కత్తిని, పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టి, ఉంగరం వేలిని దిమ్మ మీదో, దిమ్మ పట్టుకున్న చేతి మీదో ఆనించాలి. ఆ ఆనించిన వేలు లేకపోతే కత్తి జారినప్పుడు ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, ఈరోజు ఎడమ బొటనవేలు తెగుతుంది, రేపు పేషంట్ నాలుక. ఎక్కువ మైనం తీసేటప్పుడు మాత్రం అరచేతిలో ఇమిడేలా పట్టి, బొటనవేలు ఆనించి, కూరగాయ చెక్కు తీసినట్టు తనవైపు లాగాలి. ఫస్ట్ ఎయిడ్ డబ్బా బల్ల మీదే ఉంచండి, బీరువాలో తాళం వేసి కాదు.

ఎడమచేతి వాటం పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ళకి మీ డెమో తలకిందులుగా కనబడుతుంది. మీకు ఎదురుగా కూర్చోబెట్టుకోండి, అప్పుడు అద్దంలో చూసినట్టు సరిపోతుంది. మిగతా వందమందికీ, బల్ల చుట్టూ మూగి ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూసే అవస్థ లేకుండా, ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి పైనుంచి తీసి తెర మీద వేయండి. మీ మొహం అక్కర్లేదు, చేతులు కనబడితే చాలు.

అసలు చెక్కడం

మూడో వారం మైనం. లెక్రాన్ కార్వర్, వ్యాక్స్ నైఫ్, డివైడర్, పెన్సిల్, ఇంతే చాలు. కొత్త పరికరాల కిట్ మొత్తం కొనిపించకండి. మైనానికి వాతావరణం పడుతుంది: ఏప్రిల్ మధ్యాహ్నం చేతి వేడికే మెత్తబడి జిడ్డవుతుంది, జనవరి పొద్దున కత్తి పెడితే పెచ్చులుగా ఊడుతుంది. చలికాలం గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి మొదలుపెట్టాలి, ఎండాకాలం పక్కన చల్లటి నీళ్ళ గిన్నె పెట్టుకోవాలి.

రెండింతల సైజులో పై కుడి సెంట్రల్ ఇన్సైజర్, అంటే 11. దిమ్మ అడుగున కొంత భాగం పీఠంగా వదిలేసి, పక్క ముఖం మీద, అంటే మీసియల్ ముఖం మీద, పక్క నుంచి కనబడే ఆకారం గీయాలి: క్రౌన్ 21, రూట్ 26, మందం 14, మెడ దగ్గర 12. రూట్ పీఠంలోకి దిగుతుంది, కొరికే అంచు పైకి వస్తుంది. ఇదే ఆకారం వెనక, డిస్టల్ ముఖం మీద కూడా గీయాలి, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. గీత బయట ఉన్నదంతా తీసేయాలి. గీత మీద కాదు, గీతకి ఒక మిల్లీమీటరు బయట ఆగాలి. ఈ దశ అయ్యాక పక్క నుంచి చూస్తే పన్ను, ఎదురుగా చూస్తే ఇంకా పలక.

ఇప్పుడు వంపు తిరిగిన ఆ పెదవి ముఖం మీద ఎదురు ఆకారం గీయాలి: క్రౌన్ వెడల్పు 17, మెడ దగ్గర 14. పక్కపన్నుని తాకే చోటు మీసియల్ వైపు కొరికే అంచుకి బాగా దగ్గరగా, డిస్టల్ వైపు కొంచెం కిందికి రావాలి. దీన్ని కూడా బయట నుంచి కోసుకుంటూ రావాలి. ఇక్కడికి వచ్చేసరికి అన్ని వైపులా కొలతలు సరిపోయిన, మూలలన్నీ పదునుగా ఉన్న ఒక చెక్కపన్ను మిగులుతుంది. అందర్నీ ఇక్కడ ఆపేయండి. డివైడర్‌తో ఈ కొలతలన్నీ వాళ్ళే కొలిచి కాగితం మీద రాసి, మీకు చూపిస్తేనే ముందుకు. చాలామంది తొందరపడి మూలలు గుండ్రం చేసేస్తారు, ఒకసారి గుండ్రం చేశాక కొలత తప్పిందని తెలిసినా చేసేదేమీ ఉండదు, చెక్కేసిన మైనం తిరిగి రాదు కదా.

తర్వాత నాలుక వైపుకి సన్నబడేలా రెండు పక్కలా కోయాలి, మూలలు గుండ్రం చేయాలి. డిస్టల్ మూల ఎక్కువ గుండ్రం, మీసియల్ మూలని దాదాపు ముట్టుకోకూడదు. నాలుక వైపు మధ్యలో లోతు తక్కువ పళ్ళెంలా గుంట తీస్తే, దాని చుట్టూ అంచులు మిగిలి మార్జినల్ రిడ్జ్‌లు అవుతాయి, మెడ దగ్గర ఉబ్బు మిగిలి సింగ్యులమ్ అవుతుంది. ఆ ఉబ్బుని "చేయడం" కాదు, చుట్టూ తీసి దాన్ని వదిలేయడం, ఈ మాట నేను రోజుకి పదిసార్లు అంటాను.

మెడ గీత దగ్గర కాలవ తవ్వేస్తారు, చూస్తూ ఉండండి. పుస్తకంలో నల్లగీత ఉంటుంది కాబట్టి ఇక్కడా గీత ఉండాలనుకుంటారు. నిజం పన్ను తెచ్చి వేలితో రుద్దించండి, అక్కడ గాడి లేదు, క్రౌన్ ఉబ్బు ఆగి రూట్ మొదలవుతుంది, అంతే. రూట్‌ని పెన్సిల్ ముల్లులా చెక్కడం ఇంకో అలవాటు.

చివర్లో సబ్బునీళ్ళలో తడిపిన దూదితో, ఆపైన మెత్తటి గుడ్డతో రుద్దాలి. కొందరు దీపం మంటలో చూపించి మెరిపిస్తారు. ఒక్క క్షణం ఎక్కువైతే మూడు గంటల పని, ముఖ్యంగా ఆ మీసియల్ మూల, కరిగి కారిపోతుంది. నేనైతే మొదటి పది దిమ్మలకి మంట నిషేధిస్తాను. నిగనిగలాడే తప్పు పన్ను కంటే గరుకుగా ఉన్న సరైన పన్ను నయం.

దవడపన్ను

ఇక్కడ పిల్లల టెన్షన్ రెట్టింపవుతుంది, మీ పోలిక సరిగ్గా ఉంటే సగం తగ్గుతుంది. పాత మండువా లోగిలి గుర్తుందా? నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, వాననీళ్ళు మధ్యలో పడతాయి. దవడపన్ను పైభాగం అదే. కస్ప్ కొనలు కప్పు ఎత్తులు, వాటి నుంచి లోపలికి దిగే వాలులు, మధ్యలో గుంట. రెండు వాలులు కలిసిన చోట గాడి దానంతటదే పుడుతుంది. పిల్లలు దీన్ని తలకిందులుగా చేస్తారు, ముందు కత్తి కొనతో గాడి గీసేసి తర్వాత ఎత్తుల కోసం వెతుక్కుంటారు. గాడి తవ్వడం పూర్తిగా మానిపించండి, వాలులు మాత్రమే చెక్కమనండి.

పై మొదటి మోలార్‌ని పైనుంచి చూస్తే పక్కకి నెట్టిన చతురస్రంలా ఉంటుంది. నాలుగు కస్ప్‌లలో పెద్దది మీసియల్ వైపు అంగిలి కస్ప్, దాని నుంచి డిస్టల్ బుగ్గ కస్ప్‌కి అడ్డంగా ఒక గట్టు పోతుంది. ఆ ఆబ్లిక్ రిడ్జ్ లేకపోతే అది పై మొదటి మోలార్ కానే కాదు. కింది మొదటి మోలార్‌కి ఐదు కస్ప్‌లు, మూడు బుగ్గ వైపు, రెండు నాలుక వైపు, రూట్లు రెండే.

చెక్కడంతో పాటు అతికించడం కూడా నేర్పండి, అది మన ల్యాబుల్లో తక్కువ. మైనం పనికి వాడే పీకేటీ పరికరాల్లో 1, 2 నంబర్లతో కరిగిన మైనం చుక్కలు చుక్కలుగా వేసి, ముందు కస్ప్‌లకి శంకువులు, తర్వాత గట్లు, ఇలా కట్టుకుంటూ రావాలి. ఒక్కో భాగానికి ఒక్కో రంగు మైనం వాడితే ఏ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇక అడగాల్సిన పని ఉండదు. చెక్కడంలో తప్పు చేస్తే దిమ్మ పోతుంది, ఇందులో తప్పు చేస్తే గీకి మళ్ళీ చుక్క వేయొచ్చు, అందుకే భయపడే పిల్లలకి ఇది ముందు ఇచ్చి చూడండి.

దిద్దడం

"బాగోలేదు" అనేది దిద్దడం కాదు. ఒకసారికి ఒక్క తప్పే చెప్పండి, అన్నింటికంటే పెద్దది, మైనం మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి. పది తప్పులు ఒకేసారి చెబితే వాడు పదకొండోది చేసుకొస్తాడు. చూపించే ముందు వాడే తన దిమ్మకి మార్కు వేసి, ఎక్కడ పోయిందో రాసి తేవాలి. కిటికీకి ఎదురుగా దిమ్మని, పక్కనే అసలు పన్నుని పట్టుకుని నీడ ఆకారం చూసుకునే అలవాటు చేయించండి, రంగూ మెరుపూ పోయి ఆకారమొక్కటే కనబడుతుంది.

నేను అప్పుడప్పుడు కావాలని తప్పుగా చెక్కిన దిమ్మలు బల్ల మీద పెడతాను, ఒకదానికి రెండు మూలలూ గుండ్రం, ఇంకొకదానికి గీత వంపు డిస్టల్ వైపు ఎక్కువ. తప్పు పట్టిన వాళ్ళకి చాక్లెట్. మేడమ్ చేసిన తప్పు పట్టుకోవడమంటే వాళ్ళకి మహా ఉత్సాహం.

మీరిద్దరు ముగ్గురు ట్యూటర్లుంటే ఏడాది మొదట్లోనే అవే ఐదు దిమ్మలకి విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయండి. 20కి ఒకరు 8, ఒకరు 15 వేసిన దిమ్మ తప్పకుండా ఒకటి తేలుతుంది. దాని మీద మీరు పోట్లాడుకుని ఒక మాటకి వచ్చాకే పిల్లలకి దిద్దండి. లేకపోతే ఏ మేడమ్ దగ్గరికెళ్తే మార్కులు పడతాయో పిల్లలు వారంలో కనిపెట్టేస్తారు.

అద్దం, హ్యాండ్‌పీస్

ఇది రెండో ఏడాది ప్రీక్లినికల్ (పేషంట్ల దగ్గరికి వెళ్ళే ముందు చేసే సాధన) పనే గానీ, మొదటి ఏడాది చివర్లో రుచి చూపించొచ్చు. పై దవడలో పని చేసేటప్పుడు చూపు మౌత్ మిర్రర్‌లోంచే, అద్దంలో దిక్కు తిరగబడటంతో చెయ్యి మాత్రం వెనక్కి పోతుంది. చుక్కల ముగ్గు కాగితాన్ని నేరుగా కనబడకుండా పెట్టి, మిర్రర్‌లో మాత్రమే చూస్తూ చుక్కలు కలపమనండి. రోజుకి పది నిమిషాలు, రెండు వారాలు.

హ్యాండ్‌పీస్, అంటే పన్ను కోసే డ్రిల్లు, చేతికొచ్చాక ముందు పన్ను వద్దు, యాక్రిలిక్ పలక మీద గళ్ళు గీసి, ఆ గళ్ళలో ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల లోతున చదునైన గుంటలు చేయించండి. ఎయిరోటర్, అంటే గాలితో తిరిగే హ్యాండ్‌పీస్, నిమిషానికి మూడు లక్షల చుట్లకి పైనే తిరుగుతుంది, నొక్కాల్సిన పనే లేదు, ఆనిస్తే అదే కోస్తుంది. నొక్కే అలవాటున్న పిల్లలకి సబ్బు రోజులు గుర్తుచేయండి, ఉంగరం వేలు ఎక్కడ ఆనింది అని అడగండి. చాలాసార్లు ఎక్కడా ఆని ఉండదు.

ఇక చెత్త సంగతి. చెక్కిన మైనం ముక్కలు నేల మీద పడితే జారి పడతారు, ల్యాబ్ అయ్యాక ఊడ్చే పని ఆయమ్మకి వదలకుండా వంతులవారీగా పిల్లలతోనే చేయించండి. బల్లల మీది శుభ్రమైన ముక్కల్ని రంగులవారీగా డబ్బాల్లో వేయించి, వేడినీళ్ళలో పెట్టిన గిన్నెలో కరిగించి, పల్చటి గుడ్డలో వడగట్టి అచ్చులో పోస్తే ప్రాక్టీసు దిమ్మలు తయారవుతాయి. నేరుగా మంట మీద మాత్రం కరిగించకండి, మైనానికి మంట అంటుకుంటుంది.